పోటీ పెరిగినా అప్పు ఎందుకు చౌక కాలేదు: 2010 మైక్రోఫైనాన్స్ సంక్షోభం గురించి

మీరు అడిగినదాంట్లో రెండు మాటలు ఉన్నాయి. ప్రభుత్వం అడ్డం తప్పుకుంటే పోటీయే వడ్డీని కిందికి దించుతుంది కదా అన్నది ఒకటి. 2010లో ఆంధ్రప్రదేశ్ తెచ్చిన చట్టమే బాగా నడుస్తున్న మైక్రోఫైనాన్స్‌ను, అంటే తాకట్టు లేకుండా పేదలకు చిన్న అప్పులిచ్చే వ్యాపారాన్ని, చంపేసింది కదా అన్నది రెండోది. నా లెక్కలో మొదటిది తప్పు, రెండోది సగం నిజం. గుంటూరు, కృష్ణా జిల్లాల పల్లె బ్రాంచీల్లో డ్వాక్రా సంఘాల అప్పులు చూస్తూ ఉద్యోగం చేసినవాణ్ణి కాబట్టి ఈ వ్యవహారం మొదలైనప్పటి నుంచీ కళ్లారా చూశాను. కొంచెం ఓపిగ్గా చదవండి.

ముందే చెబుతున్నాను, నేను మార్కెట్‌కు వ్యతిరేకిని కాను. మదనపల్లె యార్డుకు టమాటా వస్తుంది. నలుగురు వ్యాపారులు పాట పాడతారు, ఎక్కువ పాడినవాడికి సరుకు పోతుంది. సరుకు కళ్ల ముందే ఉంది, ధర అందరికీ వినిపిస్తోంది, డబ్బు చేతులు మారితే లావాదేవీ ముగిసినట్టే. అక్కడ పాడేవాళ్లు ఎంతమంది ఉంటే రైతుకు అంత మంచిది. వ్యాపారులు కుమ్మక్కు కాకుండా, తూకంలో మోసం జరగకుండా చూస్తే చాలు, ధర ఎంతుండాలో ప్రభుత్వం చెప్పక్కర్లేదు.

అప్పు అలాంటి సరుకు కాదు. అమ్మడం ఇవాళ జరుగుతుంది, దాని ధర ఏడాది పొడుగునా వసూలవుతుంది. తీసుకునే మనిషి ఎలాంటిదో, ఇంకెక్కడ ఎంత బాకీ ఉందో ఇచ్చేవాడికి తెలియదు. తెలుసుకోవాలంటే ఖర్చు. జార్జ్ అకెర్లాఫ్ అనే ఆర్థికవేత్త 1970లో ఈ సంగతి రాస్తూ మన దేశపు పల్లె వడ్డీ వ్యాపారినే ఉదాహరణగా తీసుకున్నాడు. ఊళ్లో వ్యాపారి అంత వడ్డీ లాగుతుంటే తక్కువ వడ్డీకి ఇస్తానని బయటివాడు ఎందుకు రాడు? వస్తే, ఎగ్గొట్టేవాళ్లంతా ముందు అతని దగ్గరికే చేరతారు, మనుషుల గుణం తెలియని అతను మునిగిపోతాడు. ఊరి వ్యాపారికి మాత్రం ఎవరి ఇంట్లో ఏముందో తెలుసు, వసూలు చేసుకునే బలమూ ఉంది. ఆయన బలం ఆ సమాచారంలోనే ఉంది. ఈ పరిశోధనకే 2001లో అకెర్లాఫ్‌కు నోబెల్ వచ్చింది.

మైక్రోఫైనాన్స్ గొప్పతనమంతా ఈ ముడిని విప్పడంలోనే ఉంది. బంగ్లాదేశ్ గ్రామీణ్ బ్యాంకు పద్ధతిలో ఐదుగురు ఆడవాళ్లను ఒక గ్రూపుగా కూర్చోబెట్టి ఒకరికొకరు పూచీ పెట్టించారు. ఎవరు కట్టగలరో, ఎవరు కట్టలేరో కంపెనీకి తెలియకపోయినా పక్కింటావిడకు తెలుసు. తాకట్టు లేదు, వారం వారం మీటింగు, అక్కడే వసూలు. ఊళ్లో ఒకే సంస్థ ఉన్నన్నాళ్లు ఇది చక్కగా నడిచింది. నూటికి తొంభై ఎనిమిది, తొంభై తొమ్మిది వసూలయ్యేవి. పెద్దవాళ్లకు ఇచ్చిన అప్పుల్లో మా బ్యాంకులు అలాంటి వసూళ్లు కలలో కూడా చూడలేదు.

రెండో సంస్థ, మూడో సంస్థ వచ్చేసరికి కథ మారింది. అది పూర్తిగా స్వేచ్ఛా మార్కెట్ కూడా కాదు, ఈ సంగతి చాలామంది మర్చిపోతారు. బ్యాంకులు తమ రుణాల్లో 40 శాతం ప్రాధాన్య రంగానికి, అంటే వ్యవసాయం, చిన్న వ్యాపారాలు, పేదల అప్పుల్లాంటి వాటికి, ఇవ్వాలన్న నిబంధన ఉంది. పల్లెల్లో చిన్న చిన్న అప్పులు ఇచ్చి వసూలు చేసుకోవడం బ్యాంకులకు భారం. మైక్రోఫైనాన్స్ కంపెనీకి ఒక్క సంతకంతో కోట్లు ఇచ్చేస్తే టార్గెట్ పూర్తయినట్టే లెక్క. దానికి తోడు ప్రైవేటు ఈక్విటీ డబ్బు, అంటే లాభం కోసం కంపెనీలో వాటా కొనే పెట్టుబడిదారుల డబ్బు, వచ్చి పడింది. చేతిలో డబ్బు ఉంది, సభ్యుల సంఖ్య పెంచమని పైనుంచి ఒత్తిడి ఉంది. ఫీల్డు సిబ్బందికి కొత్త గ్రూపుల లెక్కన ప్రోత్సాహకాలు. కొత్త గ్రూపు పెట్టాలంటే ఎక్కడ సులువు? ఇప్పటికే గ్రూపు ఉన్నచోట. డ్వాక్రా, వెలుగు కార్యక్రమాలు మన ఆడవాళ్లకు పొదుపు, మీటింగు, తీర్మానం, సంతకం అన్నీ నేర్పించి పెట్టాయి. ఆ తయారు పంట మీదికి అందరూ ఒకేసారి వచ్చారు. దేశం మొత్తం మైక్రోఫైనాన్స్ అప్పుల్లో నాలుగో వంతుకు పైగా ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే ఉండటానికి కారణం అదే.

2009లో ఒక ఊళ్లో మా బ్యాంకు సంఘం బాకీ పడితే ఎందుకో తెలుసుకుందామని వెళ్లాను. వసారాలో కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి, ఆ ఇల్లాలు దూలం సందులోంచి ఒక ప్లాస్టిక్ సంచి తీసింది. అందులో నాలుగు రంగుల లోను కార్డులు. సోమవారం ఒక కంపెనీ, మంగళవారం ఒకటి, గురువారం ఒకటి, శనివారం ఇంకొకటి. వారాల పేర్లతోనే చెప్పింది, ఏ కంపెనీ పేరూ ఆమెకు సరిగ్గా నోరు తిరగలేదు. అన్నీ కలిపితే వారానికి తొమ్మిది వందలు దాటింది. అప్పట్లో ఉపాధి హామీ కూలీ రోజుకు 100 రూపాయలు, ఆరు రోజులు పని దొరికినా ఆరు వందలు. మిగతా మూడు వందలు ఎక్కడివమ్మా అంటే, "గురువారపోళ్లు ఇచ్చిన దాంట్లోంచి సోమవారపోళ్లకి కడతన్నామండీ" అంది. ఆ నాలుగు కార్డుల్లోనూ ఒక్క వాయిదా తప్పలేదు. అన్నీ టిక్కులే.

మీ మొదటి ప్రశ్నకు జవాబు ఆ టిక్కుల్లోనే ఉంది. రెండో కంపెనీ ఇచ్చిన అప్పుతో మొదటి కంపెనీ వాయిదా తీరుతోంది. మొదటివాడి పుస్తకంలో వసూలు 99 శాతం. దాన్ని చూసి ఈ ఊరు బంగారమని మూడోవాడు దిగాడు. ఎవరికి వాళ్లు చూసుకుంటే అందరి వ్యాపారమూ బాగుంది. కొత్తగా ఇచ్చే ప్రతి అప్పూ మిగతా ముగ్గురి అప్పు మునిగే ప్రమాదాన్ని పెంచుతోంది, కానీ ఆ నష్టం ఇచ్చినవాడి లెక్కలోకి రాదు. ఒక మనిషి బాకీలన్నీ ఒకచోట కనిపించే ఏర్పాటు అప్పటికి లేదు. ఇలాంటి చోట పోటీ ధరను దించదు, అవే కుటుంబాల నెత్తిన అప్పును పెంచుతుంది. పోటీదారులు ఎంతమంది పెరిగితే నిజం అంత ఆలస్యంగా బయటపడుతుంది.

మరి వడ్డీ మీద పోటీ ఎందుకు లేదు? వడ్డీ ఎంతో తీసుకునేవాళ్లకు కనపడేది కాదు. ఒక లెక్క చూడండి. 10,000 అప్పు, 15 శాతం ఫ్లాట్ వడ్డీ, 50 వారాలు, వారానికి 230. వినడానికి నూటికి నెలకు రూపాయి పావలా వడ్డీ. ఊళ్లో మూడు రూపాయలు, ఐదు రూపాయలు కడుతున్న మనిషికి ఇది ధర్మవడ్డీలా ఉంటుంది. కానీ వారం వారం అసలు తగ్గిపోతోంది, వడ్డీ మాత్రం మొత్తం పదివేల మీదే కడుతోంది. తగ్గే బాకీ మీద లెక్కేస్తే ఏడాదికి 29 శాతం పైచిలుకు. ప్రాసెసింగ్ ఫీజనీ, ఇన్సూరెన్సనీ ముందే 300 పట్టుకుని 9,700 చేతిలో పెడితే దాదాపు 36 శాతం. అంటే నెలకు మూడు రూపాయల వడ్డీ. ఊరి వ్యాపారి చెప్పి తీసుకునేదే వీళ్లు చెప్పకుండా తీసుకుంటున్నారు. ఈ లెక్క వేయడానికి బ్యాంకులో పనిచేసే నాకే కాలిక్యులేటర్ కావాలి. వేలిముద్ర వేసే మనిషి నాలుగు కంపెనీల రేట్లు పోల్చి చూసుకుంటుందని ఆశించడం న్యాయం కాదు. ఆమె చూసేది రెండే: ఎన్ని రోజుల్లో చేతికొస్తుంది, వారానికి ఎంత కట్టాలి. కంపెనీలు ఆ రెండింటి మీదే పోటీ పడ్డాయి.

ప్రభుత్వమే పావలా వడ్డీకి, అంటే ఏడాదికి 3 శాతానికి, సంఘాలకు అప్పు ఇప్పిస్తుంటే ఇటు ఎందుకు వచ్చారని కూడా అడగొచ్చు. బ్యాంకు నేరుగా సంఘానికి ఇచ్చే ఆ లింకేజీ అప్పు రావాలంటే గ్రేడింగు, తీర్మానం, ఫారాలు, నెలల తరబడి తిరుగుడు. వచ్చిందాన్ని పదిహేను మంది పంచుకుంటే తలా కొంచెం. ఆడపిల్ల పెళ్లికో ఆసుపత్రికో అది చాలదు, ఆ సమయానికి అందదు. వారపు కంపెనీ వాడు వారంలో ఇంటికొచ్చి ఇచ్చి వెళ్లాడు. ఆ సేవకు విలువ లేదనడం అబద్ధమవుతుంది.

ఇక ప్రభుత్వం సంగతి. 2010 సంక్షోభం హఠాత్తుగా ఊడిపడలేదు. 2006 మార్చిలోనే కృష్ణా జిల్లాలో ఇదే గొడవ జరిగింది. వేధింపుల ఫిర్యాదులు, ఆత్మహత్యల వార్తలు వచ్చాయి. కలెక్టరు రెండు పెద్ద సంస్థల బ్రాంచీలు సుమారు 50 మూయించారు. తర్వాత చర్చలు జరిగాయి, సంస్థలు ప్రవర్తనా నియమావళి రాసుకున్నాయి, తాళాలు తెరుచుకున్నాయి. కానీ ఒకే మనిషికి ఎంతమంది ఇవ్వొచ్చు, ఆ సమాచారం ఎవరి దగ్గర ఉండాలి అనే అసలు విషయం మీద ఎవరూ కదల్లేదు. రిజర్వు బ్యాంకు రాష్ట్రం వైపు, రాష్ట్రం రిజర్వు బ్యాంకు వైపు చూస్తూ నాలుగేళ్లు గడిపేశాయి. ఈ ఉదంతంలో ప్రభుత్వం చేసిన అతి పెద్ద తప్పు ఏదంటే నేను 2010 చట్టం అనను, ఈ నాలుగేళ్లు అంటాను.

2010 ఆగస్టులో దేశంలోకెల్లా పెద్ద మైక్రోఫైనాన్స్ కంపెనీ ఎస్‌కెఎస్ షేరు 985 రూపాయల ధరతో స్టాక్ మార్కెట్‌కెక్కింది. పదమూడు రెట్లకు పైగా దరఖాస్తులొచ్చాయి. మరో రెండు నెలలకు పల్లెల నుంచి ఆత్మహత్యల వార్తలు వరసగా పత్రికలకెక్కాయి. అక్టోబరు మధ్యలో రోశయ్య ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది, డిసెంబరులో శాసనసభ దాన్ని చట్టం చేసింది. అందులోని మంచి మాటలు ముందు చెబుతాను. ప్రతి సంస్థా జిల్లాలో రిజిస్టరు కావాలి. మొత్తం వడ్డీ అసలును మించకూడదు. బెదిరించి వసూలు చేస్తే మూడేళ్ల వరకు జైలు. ఇంటి ముందు కూర్చుని పరువు తీయడం, గ్రూపులో మిగతా ఆడవాళ్లను ఉసిగొల్పి గిన్నెలు బయట వేయించడం లాంటివి ఆ ఒక్క నెలలో ఆగిపోయాయి. అది నేను చూశాను. ఆ నిబంధనలకు నేను ఇప్పటికీ చేతులెత్తి మొక్కుతాను.

మిగతావి వసూళ్లను పూర్తిగా ఆపేసేవే. వారపు వాయిదాలు రద్దయ్యాయి, నెలకొకసారి పంచాయతీ ఆఫీసు లాంటి చోటే కట్టించుకోవాలి. సంఘానికి బ్యాంకు బాకీ ఉంటే కొత్త అప్పుకు ప్రభుత్వ అనుమతి ముందే తీసుకోవాలి. అప్పులు కట్టక్కర్లేదని చట్టంలో ఎక్కడా లేదు, కానీ ఊళ్లో నాయకులు అలాగే చెప్పారు, జనం అలాగే విన్నారు. వసూళ్లు దాదాపు నిలిచిపోయాయి. ఇంకో ఇబ్బంది కూడా ఉంది, దీన్ని మొహమాటం లేకుండా చెప్పాలి: డ్వాక్రా అప్పుల కార్యక్రమం రాష్ట్ర ప్రభుత్వానిదే. అంటే ఆట ఆడుతున్న జట్టే అంపైర్ కూడా అయింది. కొన్ని నిబంధనలు ఆడవాళ్లను కాపాడటానికో, సంఘాల అప్పులకు పోటీ లేకుండా చేయడానికో తేల్చుకోలేని విధంగా ఉన్నాయి.

నష్టం మన రాష్ట్రంతో ఆగలేదు. ఇక్కడ డబ్బు ఇరుక్కుపోవడంతో బ్యాంకులు దేశమంతటా మైక్రోఫైనాన్స్ సంస్థలకు అప్పు ఇవ్వడం తగ్గించేశాయి. ఆంధ్రలో ఎక్కువ పెట్టిన సంస్థలు ఒడిశాలోనో మహారాష్ట్రలోనో ఏ తప్పూ లేని గ్రూపులకు కూడా అప్పు ఆపేశాయి. ఎమిలీ బ్రెజా, సింథియా కిన్నన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు సరిగ్గా ఆ జిల్లాలనే పట్టుకుని పరిశీలించారు. అప్పు ఆగిన చోట పల్లె కూలి రేట్లు తగ్గాయని, ఇంటి ఖర్చులూ తగ్గాయని తేల్చారు. అప్పు తీసుకోని కూలీకి కూడా దెబ్బ తగిలిందన్న మాట. చట్టం రాసేవాళ్లు ఇది గుర్తు పెట్టుకోవాలి.

అటు పక్క లెక్కా ఉంది. ఇదే మైక్రోఫైనాన్స్ పేదరికాన్ని తుడిచేస్తుందన్న ప్రచారం అప్పట్లో జోరుగా సాగింది. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం హైదరాబాద్ బస్తీల్లో చేసిన పరిశీలనలో అంత మార్పేమీ కనిపించలేదు. కొందరు అప్పటికే ఉన్న వ్యాపారాన్ని పెంచుకున్నారు, కొందరు సామాన్లు కొనుక్కున్నారు, సగటు కుటుంబం ఖర్చులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కాబట్టి ఈ అప్పు అమృతమూ కాదు, విషమూ కాదు. అవసరానికి అందే సౌకర్యం.

సంస్థలు వెళ్లిపోయాక ఆ ఖాళీని నింపింది ఎవరు? కొంత డ్వాక్రా. చాలావరకు పాత వడ్డీ వ్యాపారులు. నిజానికి వాళ్లు ఎప్పుడూ పోలేదు. 2009లో రాష్ట్రంలో పల్లె కుటుంబాలను సర్వే చేస్తే పదింట ఎనిమిది ఇళ్లకు ప్రైవేటు అప్పులున్నాయి, మైక్రోఫైనాన్స్ అప్పు ఉన్న ఇళ్లు పదింట ఒకటి. రిజిస్ట్రేషన్ ఉన్న కంపెనీ మీద చట్టం పనిచేస్తుంది, నోటు రాయించుకుని సంచిలో డబ్బు తిప్పే మనిషి మీద పనిచేయదు. 2015 డిసెంబరులో విజయవాడలో బయటపడ్డ కాల్ మనీ (అడిగిన వెంటనే కట్టాలన్న షరతుతో ఇచ్చే ప్రైవేటు అప్పుల) దారుణాలు ఎవరూ మర్చిపోలేదు. ఆ వడ్డీల ముందు, ఆ అఘాయిత్యాల ముందు వారపు కంపెనీలే నయమనిపించింది.

నిజంగా పనిచేసిన నియంత్రణ వేరే చోట నుంచి వచ్చింది, దాని గురించి పత్రికల్లో పెద్దగా రాలేదు. రిజర్వు బ్యాంకు వై.హెచ్. మాలెగాం అధ్యక్షతన వేసిన కమిటీ 2011 జనవరిలో నివేదిక ఇచ్చింది. దాన్ని కొద్ది మార్పులతో అమలుచేశారు. వడ్డీకి 26 శాతం గరిష్ఠ పరిమితి పెట్టారు, అది అందరికీ తెలిసిన ముక్క. నాకు ముఖ్యమనిపించేవి అప్పటి మిగతా నిబంధనలు. ఒక మనిషికి రెండుకు మించి మైక్రోఫైనాన్స్ సంస్థలు అప్పు ఇవ్వకూడదు. మొత్తం బాకీ 50,000 దాటకూడదు. 15,000 మించిన అప్పుకు కనీసం రెండేళ్ల గడువు. వారానికా, పదిహేను రోజులకా, నెలకా అన్నది కట్టే మనిషి ఇష్టం. ఈ పరిమితులు అమలవ్వాలంటే బాకీలన్నీ ఒకచోట కనపడాలి కాబట్టి 2011 నుంచి ఈ చిన్న అప్పుల సమాచారం కూడా క్రెడిట్ బ్యూరోలకు, అంటే ఎవరికి ఎంత అప్పుందో లెక్క ఉంచే సంస్థలకు, చేరడం మొదలైంది. దూలం సందులోని సంచిలో ఉన్న నాలుగు కార్డులు కంప్యూటర్లో కనిపించాయి. సమాచారం దానంతటదే పంచుకునే వ్యాపారి ఉండడు. నా ఖాతాదారు వివరాలు పోటీవాడికి నేనెందుకు ఇస్తాను? అందరూ ఇవ్వాల్సిందేనని చెప్పగలిగేది ప్రభుత్వమో, దాని తరఫున రిజర్వు బ్యాంకో మాత్రమే. ఆ తర్వాత పదేళ్లపాటు నోట్ల రద్దు, కోవిడ్ దెబ్బలు తగిలినా 2010 లాంటి కుప్పకూలడం మళ్లీ రాలేదంటే దీనికి పెద్ద వాటా ఇస్తాను.

2022 ఏప్రిల్ నుంచి వడ్డీ పరిమితి తీసేశారు. దాని బదులు, ఏడాది ఆదాయం 3 లక్షల లోపున్న కుటుంబం అన్ని అప్పులకూ కలిపి నెలకు కట్టేది నెల ఆదాయంలో సగానికి మించకూడదన్నారు. ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత వసూలుకు వెళ్లకూడదన్నారు. ఫీజులన్నీ కలిపి అసలు వడ్డీ ఎంతో ఒక కాగితం మీద రాసివ్వాలన్నారు. 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు రిజర్వు బ్యాంకు దగ్గర రిజిస్టరైన సంస్థలకు పాత రాష్ట్ర చట్టం వర్తించదని తీర్పిచ్చింది. సంస్థలు మళ్లీ మన వైపు రావడం మొదలుపెట్టాయి.

పరిమితి తీసేయడం సరైనదేనా అని ఎవరైనా అడగొచ్చు. సిద్ధాంతంగా నాకు అభ్యంతరం లేదు. పరిమితి మరీ తక్కువగా ఉంటే దూరపు తండాలకు, ఐదువేలు పదివేలు కావాల్సినవాళ్లకు ఇవ్వడం గిట్టుబాటు కాదు, వాళ్లు మళ్లీ నోటు రాయించుకునే మనిషి దగ్గరికే పోతారు. కానీ చేసిన వరస తప్పు. ఆదాయంలో సగం అన్న నిబంధన నిలబడాలంటే ఆదాయం ఎంతో ఎవరో నిజాయితీగా కట్టాలి. కూలీ ఇంటికి జీతం చీటీ ఉండదు. అప్పు అమ్మే మనిషే ఆదాయం రాసుకుంటున్నాడు, ఎంత రాస్తే అప్పు పాసవుతుందో అతనికి తెలుసు. ఆ కొలత గట్టిపడకముందే పరిమితి ఎత్తేశారు. ఫలితం రెండేళ్లకే తెలిసింది. వడ్డీ మరీ ఎక్కువ వేస్తున్నారని, ఆదాయం సరిగా చూడటం లేదని 2024 అక్టోబరులో రిజర్వు బ్యాంకు నాలుగు ఫైనాన్స్ సంస్థలను కొత్త అప్పులివ్వకుండా ఆపింది. 2025 ఫిబ్రవరిలో కర్ణాటక వేధింపుల మీద ఆర్డినెన్సు తెచ్చుకుంది. మనం 2010లో చదివిన వార్తలే అక్కడ కన్నడంలో వచ్చాయి. పరిశ్రమ తన నియమాల్లో ఒక మనిషికి నలుగురు అప్పిచ్చేవాళ్లను అనుమతించి, 2025 ఏప్రిల్ నుంచి ముగ్గురికి తగ్గించింది. ఇద్దరు అన్న పాత నిబంధనను అసలు వదలకుండా ఉండాల్సింది.

నన్నడిగితే ఇప్పుడు చేయాల్సిన పని, డ్వాక్రా సంఘం అప్పులో ఏ సభ్యురాలి వాటా ఎంతో పేరుపేరునా బ్యూరోకు చేర్చడం. సంఘం పేరు మీద మొత్తం కనపడితే సరిపోదు. మన రెండు రాష్ట్రాల్లో ఆడవాళ్ల అప్పుల్లో పెద్ద భాగం అదే. బంగారం తాకట్టు అప్పునూ కలిపి చూడాలి, అది ఇప్పుడు పల్లెల్లో ప్రతి ఇంటా ఉంది. ఈ రెండూ లెక్కలోకి రాకుండా ఆదాయంలో సగం అన్న నిబంధన కాగితం మీదే ఉంటుంది. ఆ పని అయ్యేదాకా వడ్డీకి ఏదో ఒక పైకప్పు ఉంచాలనే నా అభిప్రాయం, అది 26 కాకపోతే 28 అవ్వనివ్వండి.

మీ ఇంట్లోనో, మీ దగ్గర పనిచేసేవాళ్లలోనో ఎవరికైనా ఇలాంటి అప్పు ఉంటే ఒకసారి ఆ కాగితం అడిగి తీసుకుని చూడండి. ఫీజులు కలిపిన ఏడాది వడ్డీ శాతం అందులో తెలుగులో ఉండి తీరాలి. లేకపోతే ముందు ఆ సంస్థ ఫిర్యాదుల అధికారికి రాతపూర్వకంగా ఇవ్వండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఖాతాదారుల ఫిర్యాదులు తేల్చే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు పంపొచ్చు, దానికి ఫీజు లేదు.